చెయిన్‌సా నుంచి రాత్రికి రాత్రే ఆయిల్ కారిపోతోంది, ఎక్కడ వెతకాలి?

సరుగుడుతోట:
58 సీసీ రంపం, 22 అంగుళాల బార్ (చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ). సాయంత్రం చెయిన్ ఆయిల్ నింపి రేకుల షెడ్డులో పెడితే పొద్దున్నకు కింద మడుగు కడుతోంది. పెట్రోలు కాదు, వాసన చూశాను. మూత గట్టిగానే ఉంది. షాపులో చెయిన్‌కు ఆయిల్ అందించే పంపు మొత్తం మార్చాలంటున్నారు. నిజంగా మార్చాలా? మూత రింగుతో పోతుందా? ఇంకో సంగతి, కోసేటప్పుడు బార్ ముక్కు దగ్గర పొగ వస్తోంది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

ఉద్దానం_కొబ్బరి:
షాపువాళ్లు పంపు మార్చమనక ఇంకేమంటారు! 2018లో తిత్లీ తుపానుకు మా తోట నేలమట్టమైంది. అప్పుడు కొన్న రంపం అప్పటినుంచీ కారుతూనే ఉంది, కోస్తూనే ఉంది. కింద రేకు డబ్బా పెట్టండి, కారింది మళ్లీ పోసుకోండి. ఖరీదైన చెయిన్ ఆయిల్ కూడా దండగే. ట్రాక్టరు నుంచి దించిన పాత ఇంజను ఆయిల్ పోయండి. చిక్కగా ఉంటుంది, తక్కువ కారుతుంది.

స్పానరు_పట్టినవాడు:
పాత ఇంజను ఆయిల్ పోసిన రంపాలే నా బల్ల మీదకు ఎక్కువగా వస్తాయి. దాంట్లో ఇనుప పొడి, మసి ఉంటాయి. పంపులో ఉన్న చిన్న మర పళ్లను అవి అరగదీస్తాయి. చెయిన్ ఆయిల్‌కు జిగట ఎందుకుంటుందో తెలుసా? చెయిన్ ముక్కు దగ్గర తిరిగేటప్పుడు చిమ్మిపోకుండా అంటుకుని ఉండటానికి. చిక్కదనం వేరు, జిగట వేరు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

సరుగుడుతోట గారూ, ఇంజను ఆపి ఉన్నప్పుడు కారుతోందా, నడుస్తున్నప్పుడా అన్నది ముందు తేల్చుకోండి. మీరు చెప్పిందాన్ని బట్టి ఆపాకే. అంటే పంపు కంటే ముందు అనుమానించాల్సింది ట్యాంకు గాలి రంధ్రాన్ని, ఆయిల్ గొట్టాన్ని. ఆ రంధ్రంలో ఉన్న కవాటం గాలిని లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. రేకుల షెడ్డు వేడికి ట్యాంకులో గాలి ఉబ్బితే ఆయిల్ పంపులోంచి దారి చూసుకుంటుంది. పని అయ్యాక మూత ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించి చూడండి. మడుగు తగ్గితే జబ్బు అదే.

ఉద్దానం_కొబ్బరి:
ఇరవై ఏళ్లంటే మాకూ తోటలో అంతకంటే ఎక్కువే అయ్యాయి లెండి. పంపు అరుగుతుందని భయపెట్టి కొత్త పంపు అమ్మడం పాత వ్యాపారమే. మా రంపం పంపు ఇంకా మొదటిదే.

గ్రాట్స్_గోదావరి:
నేను ఆస్ట్రియాలో ఉంటున్నాను. ఇక్కడ రంపంలో మినరల్ ఆయిల్ పోయడమే నిషేధం, 1990ల తొలినాళ్ల నుంచీ. రంపంలో పోసిన చెయిన్ ఆయిల్ తిరిగి ట్యాంకులోకి రాదు కదా, చుక్క చుక్కా మట్టిలోకే పోతుంది. అందుకని మొక్కల నూనెతో చేసిందే వాడాలి. వాడేసిన ఇంజను ఆయిల్ చర్మానికి కూడా మంచిది కాదు, క్యాన్సర్ ముప్పు ఉంది. దాన్ని ముఖానికి ఎదురుగా తుంపరగా చిమ్మించుకుంటారా?

ఉద్దానం_కొబ్బరి:
మీ దేశంలో తుపాను వచ్చి కొబ్బరి చెట్లన్నీ ఒక్క రాత్రిలో పడితే అప్పుడు మాట్లాడదాం. దారికి అడ్డంగా చెట్లు పడి, కరెంటు లేక, షాపులు మూసేసి ఉంటే ఆస్ట్రియా ఆయిల్ ఎవరు తెచ్చిస్తారు?

వేపనీడ:
మొక్కల నూనె అన్నారు కాబట్టి: మా మావిడి తోటలో ఆముదం పోసి వాడాం. కోసినంతసేపూ బాగానే ఉంటుంది. కాయల కాలమంతా పక్కన పెట్టి తీస్తే చెయిన్ కదలదు, పంపు దగ్గర బంకలా పట్టేసింది. కిరోసిన్‌లో నానబెట్టి తీశాం. వంటనూనె పోసేవాళ్లు రంపాన్ని నెలల తరబడి అలాగే వదిలేయకండి. అసలు ఈ మధ్య మావిడి కొమ్మలు కత్తిరించడానికి కూడా అందరూ 58 సీసీ ఎందుకు కొంటున్నారో అర్థం కాదు. చేయి పడిపోతుంది.

గ్రాట్స్_గోదావరి:
ఇక్కడ సీసాల్లో అమ్మేది బంక కట్టకుండా వేరే పదార్థాలు కలిపిన నూనె. వంటింటి ఆముదానికీ దానికీ పోలిక లేదు.

వేపనీడ:
మా ఊళ్లో సీసాల్లో దొరికేది ఆముదమే.

సరుగుడుతోట:
అయ్యా, మూత వదులు చేసి చూశాను. కొంచెం తగ్గింది, పూర్తిగా ఆగలేదు. రింగు కూడా మార్చాను, నీళ్ల కుళాయిలో వేసే వాషరు సరిపోయింది.

స్పానరు_పట్టినవాడు:
కుళాయి వాషరు తీసేయండి. మామూలు రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, నాలుగు రోజులకు మూత తిరగదు. నైట్రైల్ రబ్బరు రింగు అని అడగండి, ఆటోమొబైల్ షాపుల్లో పది ఇరవై రూపాయలకు వస్తుంది.

ఇక వెతికే పద్ధతి. స్పార్కు ప్లగ్గు క్యాపు ఊడదీయండి. బార్, చెయిన్ తీసి, పక్క మూత లోపల పేరుకున్న పొట్టు మొత్తం గీకేయండి. ఆయిల్‌తో నానిన ఆ పొట్టు ముద్ద కూడా రాత్రంతా కారుతుంది, జనం దాన్నే పెద్ద లీకు అనుకుంటారు. తర్వాత కిరోసిన్ గుడ్డతో తుడిచి, పొడిగా ఆరాక, తెల్ల అట్ట మీద పెట్టండి. మొదటి చుక్క రంపం ఏ భాగం కింద పడిందో చూడండి. మూత కిందా, క్లచ్ (ఇంజను నుంచి చెయిన్‌ను తిప్పే భాగం) కిందా, ట్యాంకు అతుకు దగ్గరా? ఆ ఒక్క చుక్క చెబుతుంది. తెల్లారాక మడుగు చూసి ఎవరూ చెప్పలేరు.

నల్లరేగడి_66:
అంత తతంగం ఎందుకు? లీకు ఉన్నచోట సిలికాన్ గమ్ పూసేయండి.

స్పానరు_పట్టినవాడు:
ఆయిల్ తడి ఉన్న ప్లాస్టిక్ మీద ఏ గమ్మూ నిలవదు. పైగా గాలి రంధ్రం మీద పూశారంటే ట్యాంకులోకి గాలి ఆడక పంపుకు ఆయిల్ రావడమే ఆగిపోతుంది. గమ్ పూసినవాటిని గీకడానికి నేను వేరే కూలి తీసుకుంటాను.

సరుగుడుతోట:
అట్ట మీద పెట్టాను. చుక్క క్లచ్ కింద పడింది. గొట్టం పంపులోకి దూరే చోట పగిలినట్టు కనిపిస్తోంది, క్లచ్ అడ్డం వస్తోంది. ఎంత తిప్పినా ఊడటం లేదు.

నల్లరేగడి_66:
ఉలి పెట్టి సుత్తితో ఒక్కటి వేయండి, వస్తుంది.

స్పానరు_పట్టినవాడు:
క్లచ్ షూలు పగులుతాయి! ఆయనకు ఇలాంటి సలహాలు ఇవ్వకండి, ఖర్చు ఆయనది.

అది ఎడమ మర. సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది. బిగుసుకున్నదాన్ని మీరు ఇంకా బిగిస్తున్నారు. ప్లగ్గు తీసి సిలిండర్లోకి మెత్తని నూలు తాడు దూర్చండి, పిస్టను దానికి ఆనుకుని ఆగుతుంది. అయితే పిస్టను పొగ రంధ్రాన్ని దాటి పైకి వచ్చాకే దూర్చండి. ముందే దూరిస్తే తాడు ఆ రంధ్రంలోకి పోయి తెగుతుంది. తాడు కొస బయటే ఉండాలి.

ఉద్దానం_కొబ్బరి:
తాడు సంగతి బాగుంది, కాదనను. ఆయిల్ విషయంలో మాత్రం నా మాట నాదే.

సరుగుడుతోట:
ఊడింది! గొట్టం వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. కొత్తది వేశాను, రాత్రి అట్ట పొడిగా ఉంది. పంపు ముట్టుకోలేదు. మరి బార్ ముక్కు దగ్గర పొగ? మొదటి రోజు అడిగాను, ఎవరూ చెప్పలేదు.

వేపనీడ:
బార్ మొదట్లో ఆయిల్ వచ్చే చిన్న రంధ్రం ఉంటుంది, అది పొట్టుతో మూసుకుపోయి ఉంటుంది. సన్నని తీగతో పొడిచి, గాడి మొత్తం గీకండి. బార్ తిరగేసి కట్టండి, రెండు వైపులా సమంగా అరుగుతుంది. తర్వాత ఎండిన మొద్దుకు ఎదురుగా ముక్కు పట్టి, తగలకుండా, వేగంగా తిప్పండి. మొద్దు మీద సన్నని ఆయిల్ గీత పడాలి. పడకపోతే మళ్లీ రాయండి.

నల్లరేగడి_66:
పెట్రోల్లో టూస్ట్రోక్ ఆయిల్ లీటరుకు 20 మిల్లీలీటర్లు కలపాలా, 40 కలపాలా? మా షాపులో ఒకటి, డబ్బా మీద ఒకటి.

ఉద్దానం_కొబ్బరి:
40 కలపండి. ఎక్కువైతే పొగే వస్తుంది, తక్కువైతే పిస్టనే పట్టేస్తుంది.

స్పానరు_పట్టినవాడు:
మళ్లీ మొదలుపెట్టారా. రంపంతో వచ్చిన పుస్తకం చూడండి. 50కి 1 అంటే 20, 25కి 1 అంటే 40. దీనికి వేరే చర్చ తెరవండి, అక్కడికి వస్తాను.