ఒకే ర్యాంకు, ఒకే పింఛను అమలైనా తేడా ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారు సైన్యంలో హవల్దారుగా 1995లో విరమించారు. అదే ర్యాంకులో, అంతే సర్వీసుతో ఇటీవల విరమించినవారికి ఆయనకన్నా ఎక్కువ పింఛను ఎలా వస్తోంది?

మొదటి జవాబు: 2015 నవంబరు 7 నాటి ఉత్తర్వు ద్వారా 2014 జులై 1 నుంచి వర్తించిన ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ విధానంలో, ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవారి కనిష్ఠ, గరిష్ఠ పింఛన్ల సగటును ఐదేళ్లకొకసారి మాత్రమే నిర్ణయిస్తారు. సగటుకు మించి పొందుతున్నవారికి తగ్గించరు. అందువల్లనే తేడా మిగులుతుంది.

రెండో జవాబు: జంతర్ మంతర్ వద్ద 2015లో నెలల తరబడి కూర్చున్న మాజీ సైనికులు ఈ ఐదేళ్ల గడువునే వ్యతిరేకించారు. 2022 మార్చిలో సుప్రీంకోర్టు దీన్ని ప్రభుత్వ విధాన నిర్ణయంగా సమర్థించింది కనుక, ఇక అడగవలసింది పార్లమెంటు సభ్యులనే. నలభై ఏళ్లకే యూనిఫాం విప్పే జవానుకు ఇంత నిరీక్షణ అన్యాయం.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలండీ. 2024 జులై సవరణ ఆయనకు వర్తించిందో లేదో బ్యాంకులో కనుక్కుంటాను.