నాలుగు రౌటర్లకు ఓఎస్‌పీఎఫ్ కావాలా, స్టాటిక్ రూట్లు చాలవా?

హన్మకొండ_నెట్:
మాది చిన్న ఇంటర్నెట్ సర్వీసు. హన్మకొండ, వరంగల్, నర్సంపేట, పరకాలలో ఒక్కో రౌటర్ ఉంది. హన్మకొండ నుంచి పరకాలకు, వరంగల్‌కు, వరంగల్ నుంచి నర్సంపేటకు గిగాబిట్ ఫైబర్. నర్సంపేట, పరకాల మధ్య ఈమధ్యే 100 ఎంబీపీఎస్ రేడియో లింక్ పెట్టి రింగ్ పూర్తి చేశాం. ఇన్నాళ్లూ అన్నీ స్టాటిక్ రూట్లే, అంటే మేం చేత్తో రాసిన దారులే. రౌటర్లు తమలో తాము మాట్లాడుకుని దారులు ఎంచుకునే ఓఎస్‌పీఎఫ్‌కు మారదామంటే మా సార్ "నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తవ్?" అంటున్నారు. మీరేమంటారు?

కాజీపేట_పాతకాపు:
నాదీ మీ సార్ మాటే తమ్ముడూ. నాలుగు రౌటర్లకు రాసేవి కొన్ని లైన్లే. ఏ ప్యాకెట్ ఎటు పోతుందో కాగితం మీద గీసి చూపించొచ్చు. రేడియో వైపు ఇంకో స్టాటిక్ రూట్ రాసి డిస్టెన్స్ 200 పెట్టు, ఆ అంకె తక్కువున్న రూట్‌నే రౌటర్ ముందు వాడుతుంది. మొదటిది పోగానే రెండోది ఎక్కుతుంది.

ఓరుగల్లు_రూటింగ్:
అన్నా, ఆ "పోగానే" దగ్గరే ఉంది చిక్కంతా. పోర్ట్ డౌన్ అయితేనే స్టాటిక్ రూట్ పోతుంది. పోయిన వానాకాలం ఆత్మకూరు దగ్గర జేసీబీ మా ఫైబర్‌ను తెంపింది. రౌటర్ పక్కన ఫైబర్‌ను మామూలు కేబుల్‌కు కలిపే మీడియా కన్వర్టర్ ఉంది. ఆ రెండింటి మధ్య మూరెడు కేబుల్ బాగానే ఉంది కాబట్టి పోర్ట్ లైటు పచ్చగా వెలుగుతూనే ఉంది. రూట్ టేబుల్‌లో కదలలేదు. ప్యాకెట్లన్నీ తెగిన ఫైబర్‌లోకే పోయాయి, 200 రూట్ ఊరికే కూర్చుంది. రెండు చివరలా చేత్తో మార్చేసరికి గంటన్నర పట్టింది, అంతసేపూ ఫోన్లే ఫోన్లు. ఓఎస్‌పీఎఫ్ ఉంటే పొరుగు రౌటర్‌కు ప్రతి 10 సెకన్లకు హలో అనే చిన్న ప్యాకెట్ పంపుతుంది. 40 సెకన్లు అవతలి నుంచి హలో రాకపోతే, లైటు పచ్చగా ఉన్నా సరే, ఆ పొరుగు రౌటర్ పోయినట్టే లెక్క కట్టి దారి మార్చేస్తుంది.

కాజీపేట_పాతకాపు:
దానికి పింగ్ ట్రాకింగ్ ఉంది కదా. అవతలి ఐపీ పలకకపోతే స్టాటిక్ రూట్ తీసెయ్యమని చెప్పొచ్చు. నా భయం వేరే. ఒకచోట తొందరలో అన్ని పోర్టుల మీదా ఓఎస్‌పీఎఫ్ ఆన్ చేశారు. ఓ కస్టమర్ రౌటర్ పొరుగుగా కలిసిపోయి డిఫాల్ట్ రూట్, అంటే వేరే దారి తెలియని ప్యాకెట్లన్నీ పోయే దారి, నేనే అని ప్రకటించింది. ఊరి ట్రాఫిక్ అంతా ఆ ఇంటికి పోయింది.

ఓరుగల్లు_రూటింగ్:
ఆ భయం న్యాయమైనదే. అందుకే ముందు పాసివ్ ఇంటర్‌ఫేస్ డిఫాల్ట్ పెట్టి, అంటే ఏ పోర్టు మీదా పొరుగు కలవకుండా చేసి, రౌటర్లను కలిపే పోర్టులనే తెరవాలి. వాటికి పాస్‌వర్డ్ కూడా పెట్టాలి. ట్రాకింగ్ మాటకొస్తే, పోను దారికీ రాను దారికీ రెండు చివరలా రాయాలి. ఒక్క చివర మరిచినా పోయిన ప్యాకెట్‌కు జవాబు తిరిగి రాదు.

హన్మకొండ_నెట్ గారూ, ఇంకోటి. ఓఎస్‌పీఎఫ్ ప్రతి లింక్‌కు కాస్ట్ అనే అంకె వేసి, మొత్తం తక్కువున్న దారి ఎంచుకుంటుంది. సిస్కో రౌటర్లలో ఆ లెక్కకు ఆధారమైన వేగం (రిఫరెన్స్) డిఫాల్ట్‌గా 100 ఎంబీపీఎస్, అందుకే మీ గిగాబిట్ ఫైబర్‌కూ రేడియోకూ కాస్ట్ 1 పడుతుంది. అప్పుడు వరంగల్ నుంచి పరకాలకు హన్మకొండ మీదుగా 2, నర్సంపేట మీదుగా 2. సగం ట్రాఫిక్ రేడియో మీద పడి నలుగుతుంది. నాలుగింటిలోనూ రిఫరెన్స్ 10000 చేస్తే ఫైబర్ 10, రేడియో 100 అవుతాయి. అప్పుడు హన్మకొండ మీదుగా 20, నర్సంపేట మీదుగా 110.

నర్సంపేట_టవర్:
రేడియోకు రెండు వైపులా ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు, ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే పొరుగు సంబంధం పూర్తి కాకుండా ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే ఆగిపోతుంది. నేను ఒక రాత్రంతా కేబుల్‌ను అనుమానించాను.

హన్మకొండ_నెట్:
స్టాటిక్ రూట్లు తీయకుండానే ఓఎస్‌పీఎఫ్ పెట్టొచ్చా? సార్‌కు ఆ ధైర్యం చెప్పాలి.

ఓరుగల్లు_రూటింగ్:
పెట్టొచ్చు. స్టాటిక్ డిస్టెన్స్ 1, ఓఎస్‌పీఎఫ్ 110. స్టాటిక్ ఉన్నంతసేపూ టేబుల్‌లో అదే ఉంటుంది. నాలుగు రోజులు పొరుగు రౌటర్లు ఫుల్ (పూర్తిగా కలిసిన) స్థితిలో నిలకడగా ఉన్నాయో లేదో చూసి, ఒక్కో స్టాటిక్ తీయండి.

కాజీపేట_పాతకాపు:
అట్లయితే చెయ్యి తమ్ముడూ. తీసే ముందు పాత కాన్ఫిగరేషన్ కాపీ పెట్టుకో, నర్సంపేటలో ఒక మనిషిని, నెట్ లేకున్నా నేరుగా రౌటర్‌లోకి పోయే కన్సోల్ కేబుల్‌తో కూర్చోబెట్టు.

హన్మకొండ_నెట్:
సరే అన్నా. రాత్రి ఒంటిగంట తర్వాత మొదలుపెడతా, ముందు ఎంటీయూ చూస్తా.