బైపోలార్ ఉందని ఆఫీసులో చెప్పాలా? చెబితే ఎంతవరకు?

తొలిసంధ్య:
మనసు విపరీతమైన ఉత్సాహానికీ తీవ్రమైన దిగులుకీ మధ్య ఊగే బైపోలార్ జబ్బుకి లిథియం మాత్రలు వాడుతూ ఉద్యోగం చేసేవాళ్ళు ఆఫీసులో ఆ సంగతి చెప్పడం మేలా, దాచుకోవడం మేలా? బయటికి చెబితేనే జనం మారతారంటారు. కానీ ఒకసారి నోరు జారితే వెనక్కి తీసుకోలేం. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరా?

గోరింట:
చెప్పడం, దాచడం అని రెండే దారులు అనుకోకండి. "ఆరోగ్య సమస్య ఉంది, మాత్రలు వాడుతున్నాను" అన్నా చెప్పినట్టే. జబ్బు పేరు చెప్పడం ఆ పై మెట్టు. ముందు మీకు ఏం కావాలో కాగితం మీద రాసుకోండి. ఎక్కువగా రెండు తేలతాయి. ఒకటి, రాత్రి షిఫ్టు వద్దు. నిద్ర చెడితే మేనియా, అంటే మనసు అదుపు తప్పి ఉరకలేసే దశ, రేగుతుంది. రెండోది, రక్తపరీక్ష రోజు కాస్త ఆలస్యంగా రావడం. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి, పొద్దున మాత్ర ఉంటే ఇచ్చాకే వేసుకోవాలి. ఈ రెండింటికీ జబ్బు పేరుతో పనిలేదు. డాక్టరు ఉత్తరంలో "రాత్రి డ్యూటీ వేయరాదు" అని ఉంటే చాలు. పేరు రాయకుండా ఇమ్మని ముందే అడగండి, ఆ ఉత్తరం ఎన్ని చేతులు మారుతుందో మన అదుపులో ఉండదు.

మనసు ఉరకలేస్తున్న రోజుల్లో మాత్రం ఎవరికీ ఏమీ చెప్పొద్దు. మేనియా మొదలవుతుంటే అందరికీ అన్నీ చెప్పేయాలనిపిస్తుంది. రాసింది పక్కన పెట్టి, వారం పాటు నిద్ర సరిగ్గా పట్టాక మళ్ళీ చదవండి.

మందులచీటీ:
గోరింట గారి మాట సరే. అయినా పక్క సీట్లో కూర్చునే ఒక్కరికైనా పేరుతో సహా తెలియాలంటాను. లిథియం వాడితే వేళ్ళు సన్నగా వణకడం మామూలే. చేతిలో కప్పు సాసరుకి తగిలి టకటకమంటుంటే చూసినవాళ్ళు తాగుడనుకుంటారు. అందుకే "మందు వల్ల" అనకండి, "మాత్ర వల్ల వణుకు" అనండి.

ఇంకా ముఖ్యమైనది, తలనొప్పి అంటే ఎవరో ఒకరు ఐబుప్రొఫెన్ ఇస్తారు. దానివల్ల మూత్రపిండాల నుంచి లిథియం బయటికి పోవడం తగ్గి రక్తంలో పేరుకుంటుంది. పారాసిటమాల్‌తో ఆ చిక్కు లేదు. రక్తంలో లిథియంని మామూలుగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. 1.5 దాటితే ప్రమాదం. వణుకు పెద్దదై, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, అడుగు తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ స్థితిలో మనిషి తన గురించి తను చెప్పుకోలేడు. పక్కవాళ్ళకి తెలిసి ఉండాలనేది అందుకే.

నీడపట్టు:
జనం మారడం గురించి ఒక మాట. "మెదడులో రసాయనాల తేడా అంతే" అని వివరించడం అలవాటైపోయింది. ఆ వివరణ వల్ల రోగిని నిందించడం తగ్గుతుంది గానీ, "ఇక బాగుపడడు, దూరంగా ఉందాం" అనే భావం తగ్గదని, కొన్నిచోట్ల పెరుగుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. పెద్దవాళ్ళలో ఉపన్యాసాల కన్నా, ఆ జబ్బు ఉన్న మనిషితో సమాన హోదాలో కలిసి పనిచేయడమే ఎక్కువ మార్పు తెస్తుంది. టీనేజి పిల్లలకి పాఠాలు మెరుగ్గా పనిచేస్తాయి.

పేరు కూడా చిన్న విషయం కాదు. జపాన్‌లో స్కిజోఫ్రెనియా అనే మరో మానసిక జబ్బుని "మనసు చీలిన జబ్బు" అనేవాళ్ళు. 2002లో ఆ పేరు మార్చాక, రోగికి జబ్బు పేరు చెప్పే డాక్టర్ల సంఖ్య బాగా పెరిగింది. అంతకుముందు డాక్టర్లకే నోరు రాలేదన్నమాట! కాబట్టి "అతను బైపోలార్" కాదు, "అతనికి బైపోలార్ ఉంది" అందాం.

తొలిసంధ్య:
చాలా ఉపయోగపడిందండీ. పై అధికారితో మొదటి వాక్యం ఎలా ఉండాలి?

గోరింట:
"సార్, ఒక ఆరోగ్య సమస్యకి మాత్రలు వాడుతున్నాను, అదుపులోనే ఉంది. రాత్రి షిఫ్టు వేయకుండా చూడగలరా? డాక్టరు ఉత్తరం తెచ్చాను." అక్కడితో ఆపండి. "ఏం జబ్బు?" అంటే, "డాక్టరు గారు చూసుకుంటున్నారు సార్, పని విషయంలో ఇది సర్దితే చాలు" అనండి. ఆయన సరేనంటే అదే రోజు రెండు ముక్కల్లో మెయిల్ పెట్టండి. ఆ అధికారి మారితే నోటిమాట ఆయనతోనే పోతుంది.