మామిడి అంటుకీ అంట్ల గిన్నెలకీ చుట్టరికం ఉందా?

మా అమ్మాయి పదో తరగతి. నిన్న సాయంత్రం ‘శాఖీయ ప్రత్యుత్పత్తి’ (గింజతో పని లేకుండా కొమ్మ, దుంప, ఆకు లాంటి వాటి నుంచే కొత్త మొక్క రావడం) అని బట్టీ పడుతుంటే మా అమ్మ విని, "అంత పెద్ద మాటెందుకే, అంటు కట్టడమేగా" అంది. పిల్ల ఊరుకుంటుందా? "అంటు అంటే రోగం కదా అమ్మమ్మా!" అంది. నాకూ అనుమానం వచ్చింది. అంటువ్యాధి, అంట్లు, తలంటు, మామిడి అంటు... అన్నీ ఒక్క మాటేనా?

జవాబు: ఒక్కటేనండీ. అంటడమంటే తాకడం, పట్టుకోవడం. ఎంగిలి అంటినవి అంట్లు, తలకి నూనె అంటితే తలంటు, ఒకరినుంచి ఒకరికి అంటేది అంటువ్యాధి. మామిడిలో కొమ్మ మొక్కకి అంటుకుంటుంది.

జవాబు: మాది కడియం దగ్గర, నర్సరీ పని. టెంక నుంచి లేచిన మొక్క తల కోసి, మధ్యకి చీల్చి, బంగినపల్లి కొమ్మని రెండువైపులా ఏటవాలుగా చెక్కి అందులో దించుతాం. బెరడు కింద పచ్చటి పొర ఉంటుంది చూడండి, ఆ పొరా ఈ పొరా ఒక పక్కనైనా సరిగ్గా కలవాలి. ఆ మీదట ప్లాస్టిక్ రిబ్బనుతో బిగించి కట్టడమే. అంటీముట్టనట్టు పెడితే కొమ్మ ఎండిపోతుంది. ఆ సామెత మా పనిలోంచే పుట్టిందేమో అని మా నాన్న అనేవారు (నమ్మక్కర్లేదు లెండి).

జవాబు: మరి గాలి అంటు సంగతేంటి? దానిమ్మ కొమ్మకి అంగుళం మేర బెరడు ఒలిచి, తడి నాచు పెట్టి, పాలిథిన్ చుడతారు. వేర్లొచ్చాక కోసి నాటతారు. అక్కడ రెండో మొక్కే లేదు కదా, దేన్ని అంటినట్టు?

జవాబు (కడియం): మంచి ప్రశ్న. నేల అంటులో కొమ్మని వంచి మట్టిలో కప్పుతాం, అది నేలని అంటుతుంది. అదే పని నేల లేకుండా పైనే చేస్తే గాలి అంటు. పేరు అలా సాగిందని నా ఊహ. ఇప్పుడైతే గింజ నుంచి కాకుండా ఇలా తయారైన మొక్కనే అంటు అనేస్తున్నాం.

జవాబు: అన్నిటికీ అంటు అనరు. అరటికి పిలక. ఆకు కత్తిలా సన్నగా ఉన్నదాన్నే తవ్వుతాం, వెడల్పాకు పిలక వద్దంటాం. చెరకుకి కన్నులున్న గడ ముక్కలు (ముచ్చెలంటాం) పాతితే మొక్క తోట, నరికిన మోళ్లే మళ్లీ చిగిర్చి పెరిగితే కార్శి. పసుపుకి కొమ్ము. రణపాలకి ఇవేవీ అక్కర్లేదు, ఆకు కింద పడితే చాలు, అంచుల్లో పిల్లలు లేస్తాయి. ఇవన్నీ కలిపి పుస్తకం ఒక్క మాటలో తేల్చేసింది!

అడిగినది నేనే: అందరికీ థాంక్సండీ. మా పెరట్లో పదేళ్ల కిందట కొన్న ‘అంటు’ పుల్లటి పీచుకాయ కాస్తోంది. కడియం వారి జవాబు చదివాక వెళ్లి చూశాను. కట్టు గుర్తుకి కిందనుంచి, అంటే టెంక మొక్క నుంచి లేచిన కొమ్మే చెట్టయింది. పైన పెట్టింది ఎప్పుడు పోయిందో!