రాత్రి మిగిలిన అన్నం, పప్పు, చేపల పులుసు: ఎంతసేపట్లో ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎలా వెచ్చబెట్టాలి?

సీతమ్మధార ఫ్లాట్
ఏడున్నరకి వంట దించి ఎనిమిదిన్నరకి తింటాం. వేడి గిన్నె పెడితే ఫ్రిజ్ పాడవుతుందని, మిగిలింది ఆరేదాకా గట్టు మీదే ఉంచుతున్నాం. అలా పదకొండు దాటుతోంది. వైజాగ్ ఉక్కపోతలో ఇది సరేనా? పొద్దున్న మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు తిప్పితే చాలా? అన్నానికీ చేపకీ లెక్క ఒకటేనా? గంటలు, డిగ్రీలతో చెప్పగలరు.

వంటింటి లెక్క
సరికాదండి. గట్టు మీద గడిచే ఆ మూడున్నర గంటల్లోనే వంట పాడవుతోంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది, అనువైన వేడిలో కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. పొయ్యి కట్టేశాక బయట ఉండే సమయం మొత్తం కలిపి రెండు గంటలు దాటకూడదు. గది 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మే నెలలో మన వంటిళ్లు సాయంత్రం కూడా 32 దగ్గరే ఉంటాయి కాబట్టి గంట అనే పెట్టుకోండి. వడ్డించుకుని తిన్న సమయం కూడా ఇందులోకే వస్తుంది.

అన్నంతో మరీ జాగ్రత్త. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం 121 డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరదు. రాత్రంతా బయట ఉన్న అన్నానికి పొద్దున్న పోపు వేసి పులిహోర కలిపితే బ్యాక్టీరియా పోవచ్చు, విషం మాత్రం అలాగే ఉంటుంది. వాసనలో, రుచిలో తేడా తెలియకపోవచ్చు. "బాగానే ఉంది కదా" అని తినేస్తారు.

వేడి గిన్నె వల్ల ఫ్రిజ్ పాడవదు. కాకపోతే నిండు గిన్నెని పొగలు కక్కుతుండగా లోపల పెడితే పక్కనున్న పాలు, పెరుగు వెచ్చబడతాయి, గిన్నె నడిమి భాగం గంటల తరబడి చల్లారదు. అందుకే ముందు బయటే త్వరగా చల్లార్చాలి. అన్నాన్ని వెడల్పాటి స్టీలు పళ్లెంలో అంగుళం మందాన పరిచి ఫ్యాన్ కింద పెట్టండి, ఆవిరి తగ్గగానే డబ్బాలోకి తీయండి. పప్పుని కుక్కర్‌లోనే వదలకండి, ఆ మందపాటి అడుగు వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. రెండంగుళాల లోతుకి మించని గిన్నెల్లోకి మార్చి, బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, అందులో నిలబెట్టి గరిటెతో కలుపుతుండండి. వేసవిలో మేడ మీది ట్యాంకు నీళ్లు వెచ్చగా వస్తాయి, కాబట్టి ఒక ట్రే ఐస్ వేయాల్సిందే. ఫ్రిజ్‌లో కూడా మూత కాస్త వదులుగా ఉంచి, పూర్తిగా చల్లబడ్డాక బిగించండి.

హార్బర్ రోడ్
చేప సంగతి. వంజరం, కానాగంతలు, సూర లాంటివి పచ్చిగా వెచ్చటి చోట ఉంటే వాటిలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పేరుకుంటుంది. అదొకసారి చేరితే పులుసు ఎంత మరిగినా పోదు. నోరు చిమచిమలాడి, మొహం ఎర్రబడుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో కొంటే ముక్కలు కొట్టించిన వెంటనే ఐస్ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. చింతపండు పులుపు ఉంది కదా అని పులుసుని బయట వదిలేయకండి.

ఫ్రిజ్ 4 డిగ్రీల లోపు ఉంటే కూరలు మూడు నాలుగు రోజులు ఉంటాయంటారు. నా లెక్కలో చేప రెండు రోజులు, అన్నం ఒక్క రోజు. పచ్చి చేప అడుగు అరలో, వండినవి పై అరలో పెట్టాలి.

వెచ్చబెట్టేటప్పుడు నడిమధ్య 74 డిగ్రీలు చేరాలి. పులుసులో ముక్కలు చితక్కుండా ఉండాలంటే ముందు రసం ఒక్కటే సలసల మరగనిచ్చి, తర్వాత ముక్కలు జార్చి, మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. లావు ముక్కని విప్పి చూస్తే ముల్లు దగ్గర కూడా పొగ రావాలి.

మైక్రోవేవ్‌లో అంచులు కాలుతుంటే మధ్యలో చల్లగానే ఉంటుంది. అన్నాన్ని నడుమ గుంటలా వదిలి చుట్టూ పరచండి, ఒక చెంచా నీళ్లు చల్లి మూత వేయండి. నిమిషంన్నర తిప్పి కలిపి, ఇంకో నిమిషం తిప్పి, రెండు నిమిషాలు అలాగే వదిలేయండి. కావాల్సినంతే తీసి వెచ్చబెట్టుకోండి, ఒకసారి వెచ్చబెట్టింది మళ్లీ లోపల పెట్టొద్దు.

సీతమ్మధార ఫ్లాట్
చాలా ఉపయోగం అండి. మరి చద్దన్నం? కరెంటు పోతే ఎలా?

వంటింటి లెక్క
చద్దన్నం వేరే పద్ధతి. గిన్నెలో పొడిగా వదిలేసిన అన్నం చద్దన్నం కాదు. అన్నం చల్లార్చి, నీళ్లతో పాటు పుల్లటి మజ్జిగ వెంటనే కలిపితే పులుపెక్కి చెడ్డ బ్యాక్టీరియాకి అడ్డుపడుతుంది. పులుపెక్కకుండా జిగురుగా తీగ సాగితే పారేయండి. పసిపిల్లలకీ గర్భిణులకీ నేనైతే పెట్టమనను.

కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉన్న ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లదనాన్ని నిలుపుతాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను తర్వాత లాగా రోజుల తరబడి పోతే లోపలివి పారేయడమే. మీరు ఊళ్లో లేనప్పుడు పోయిందో లేదో తెలియాలంటే, ఫ్రీజర్‌లో ఒక గిన్నెడు నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే ఐస్ మొత్తం కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు.