వీధిలో ఏడాకుల చెట్లు తీసి కొత్తవి వేయాలి: ఏ మొక్క, ఎలా?

కోటగుమ్మం:
విజయనగరం శివారు కాలనీ, 30 అడుగుల రోడ్డు. ఒక పక్క ఏడాకుల చెట్లు తొమ్మిది, వాటి మీదుగా కరెంటు తీగలు. కార్తీకంలో పూత వాసనకి తలనొప్పి, తుమ్ములని ఇళ్లవాళ్ల గోల. రెండో పక్క తురాయిలు నాలుగు, రెండు కాలవ మీదకి ఒరిగాయి. అన్నీ ఒకేసారి కొట్టించి ఆ గోతుల్లోనే మొక్కలు పెట్టేద్దామంటున్నారు. సరేనా? వేసవిలో ట్యాంకరు నీళ్లే గతి.

సర్వితోట:
అన్నీ ఒకేసారి వద్దండి, ఎండాకాలం వీధి మాడిపోతుంది. ఒరిగిన తురాయిలు ముందు తీయించండి. ఏడాకులవి ఏడాదికి మూడు చొప్పున చాలు. గొడ్డలి వేసే ముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం (2002) కింద అనుమతి కావాలి, అర్జీ ఎక్కడ పెట్టాలో మున్సిపాలిటీలో అడగండి. తీగల పక్క కొమ్మలు సప్లై ఆపించాకే కొట్టించాలి.

పాత గోతిలో మాత్రం పెట్టొద్దు. మొద్దు పీకితే మట్టి వదులై, నాలుగు వానలకి మొక్కతో సహా కుంగుతుంది. పీకకపోతే పాత వేళ్లు అడ్డం, పైగా చెదలు. అయిదడుగులు జరిపి కొత్త గొయ్యి తీయండి.

తీగల కింద దేవకాంచనం, పారిజాతం, నందివర్ధనం లాంటి పొట్టివే. ఎదర పక్క కానుగ లేదా పొగడ, 8 మీటర్ల ఎడంతో. పొగడ ఎదుగుదల నెమ్మది, కానీ కలప గట్టిది, గాలికి నిలుస్తుంది. తురాయికి వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మ పెళుసు. మన వైపు హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తుఫాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి కదా, అందుకే ఈ పట్టింపు.

గెత్తంబుట్ట:
ఎంపిక బాగుంది. నాటడంలోనే సగం చెట్లు పోతాయి, అది చెప్తాను.

కాలనీల్లో రోడ్డు పక్కన ఉండేది మట్టి కాదు, తొక్కిన గ్రావెల్. గొయ్యి మీటరు వెడల్పు, రెండడుగుల లోతు. గోడలు నున్నగా ఉంటే వేళ్లు లోపలే చుట్టుకుంటాయి, గునపంతో గాట్లు పెట్టండి. పై మట్టి మూడు వంతులకి బాగా మాగిన పశువుల గెత్తం ఒక వంతు, కిలో వేపపిండి. పచ్చి గెత్తం వేస్తే చెదలకి విందే.

మొక్క ఆరడుగులది, కాండం బొటనవేలంత. కవరు కోసి చూడండి: అడుగున వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే బ్లేడుతో నిలువుగా నాలుగు చోట్ల కోయాలి. అలాగే పెడితే చెట్టు ఎదిగినా వేరు పట్టు ఉండదు, గాలికి కూకటివేళ్లతో లేచిపోతుంది. మొదలు నేలకి అంగుళం పైకే ఉండాలి, లోతుగా పూడ్చితే బెరడు కుళ్లుతుంది.

సర్వి బాదులు రెండు, మట్టిగడ్డకి బయట, రెండడుగులు దిగేలా. కొబ్బరితాడుతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. ఇనప తీగ వద్దు, కాండాన్ని కోసేస్తుంది. రెండో వానాకాలం దాటాక బాదులు తీసేయండి, ఊగితేనే మొదలు బలుస్తుంది.

జూన్ వానలు పడ్డాక నాటండి, ఆగస్టు దాటనీయొద్దు. అక్టోబరు గాలులకి వేరు పట్టాలి.

కోటగుమ్మం:
సిమెంటు రింగులు ఇస్తామంటున్నారు. పెట్టొచ్చా? వేప ఎందుకు చెప్పలేదు?

సర్వితోట:
రింగు ఇరుకైతే మొదలు ఒరుసుకుంటుంది. మేకల కోసమైతే ఇనప గార్డు మేలు, కాండం లావెక్కే లోపు తీసేయాలి. చుట్టూ మీటరు మేర కాంక్రీటు వేయనివ్వొద్దు. వేపకి ఈమధ్య కొమ్మలు ఎండే తెగులు వస్తోంది. మళ్లీ చిగురిస్తుంది గానీ, వీధంతా అదే వేయొద్దు. రెండో మూడో చాలు.

గెత్తంబుట్ట:
నీళ్లు రోజూ చెంబుడు పోయొద్దు, వేరు పైకి వస్తుంది. వేసవిలో వారానికి రెండుసార్లు, మొక్కకి 20 లీటర్లు, పాదు మీద ఎండాకులు పరిచి. రెండు వేసవులు చాలు. ఇక గాలి సీజనుకి ముందు చెట్టు తలకాయ నరికించకండి, అక్కడ పుట్టే కొమ్మలకి పట్టుండదు, మొదట విరిగేవి అవే. గుబురుగా ఉన్నచోట లోపలి కొమ్మలు పలచన చేయిస్తే సరిపోతుంది.