కొత్త కోచ్ వెంట వచ్చే బృందం వల్ల నిజంగా తేడా ఉంటుందా?

బ్రాడీపేట కోచ్ (ప్రశ్న):
గుంటూరులో ఒక డిగ్రీ కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు ఆరేళ్లుగా శిక్షణ ఇస్తున్నాను. ఈ ఏడాది నాకొక సహాయకుణ్ణి ఇస్తామని యాజమాన్యం చెప్పింది గానీ, గౌరవ వేతనం ఒక్కరికే సరిపోతుంది. గోల్‌కీపర్లకు నేర్పేవారిని తీసుకోవాలా, ఫిట్‌నెస్ చూసేవారిని తీసుకోవాలా అని ఆలోచిస్తూ, పెద్ద జట్లు ఈ పనిని ఎలా పంచుకుంటాయో చూద్దామని ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ సంగతి తీశాను.

2024 వేసవిలో అక్కడి కోచ్ యుర్గెన్ క్లోప్ వెళ్లిపోయినప్పుడు ఆయన సహాయకులు పెప్ లైండర్స్, పీటర్ క్రావియెట్స్‌తో పాటు 2009 నుంచి అక్కడే ఉన్న గోల్‌కీపింగ్ కోచ్ జాన్ ఆక్టర్‌బర్గ్ కూడా వెళ్లిపోయారు. నెదర్లాండ్స్ క్లబ్ ఫెయనూర్డ్ నుంచి వచ్చిన కొత్త కోచ్ ఆర్నె స్లాట్ తన సహాయకుడు సిప్కె హుల్షాఫ్‌నూ, ఫిట్‌నెస్ కోచ్ రూబెన్ పీటర్స్‌నూ వెంట తెచ్చుకున్నారు. నెదర్లాండ్స్ మాజీ డిఫెండర్ జాన్ హైటింగా మరో సహాయకుడిగా, గోల్‌కీపర్ల కోసం ఫాబియన్ ఒట్టె తరువాత చేరారు. (హైటింగా ఒకప్పుడు అదే ఊరి ప్రత్యర్థి జట్టు ఎవర్టన్ ఆటగాడు, ఆ ఊరి వాళ్లు ఎలా సర్దుకున్నారో!) మొదటి సీజన్‌లోనే లీగ్ గెలిచారు.

నన్ను తికమక పెట్టింది పట్టిక. క్లోప్ చివరి సీజన్‌లో 82 పాయింట్లు, చేసినవి 86 గోల్స్, ఇచ్చినవి 41, దక్కింది మూడో స్థానం. స్లాట్ మొదటి సీజన్‌లో 84 పాయింట్లు, గోల్స్ మళ్లీ అవే 86, అవే 41. ఇంత బృందం మారితే వచ్చిన తేడా రెండు పాయింట్లేనా?

పటమట రెడ్:
మీ అనుమానం సరైనదే. మాంచెస్టర్ సిటీ 91 నుంచి 71కి, ఆర్సెనల్ 89 నుంచి 74కి పడిపోయాయి కాబట్టి లివర్‌పూల్‌కు కప్పు దక్కింది. ఆటగాళ్లు దాదాపు అందరూ క్లోప్ కూర్చిన వాళ్లే. ఆ వేసవిలో కొత్తగా వచ్చి జట్టులో చేరినది ఫెడెరికో కియేసా ఒక్కరే, ఆయన ఆడింది కూడా స్వల్పం. స్లాట్ వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నారని నా అభిప్రాయం. ఆ ఒక్క గౌరవ వేతనంతో బంతులు, బూట్లు కొనుక్కోండి.

కృష్ణలంక నుంచి:
పటమట గారూ, మొత్తం పట్టిక చూసి తీర్పు చెబితే పొరపాటు జరుగుతుంది. 2025 ఏప్రిల్ 27న టాటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి టైటిల్ ఖాయం చేసుకునే నాటికి లివర్‌పూల్ ఆడింది 34 మ్యాచ్‌లు, అప్పటికే వచ్చినవి 82 పాయింట్లు, ఇచ్చిన గోల్స్ 32 మాత్రమే. అంటే క్లోప్ జట్టు 38 మ్యాచ్‌లలో సంపాదించినది వీరు నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే సంపాదించారు. పని అయిపోయాక ఆడిన ఆ నాలుగింటిలో రెండు ఓడి, రెండు డ్రా చేసుకుని, తొమ్మిది గోల్స్ ఇచ్చుకోవడం వల్లనే రెండు సీజన్లూ ఒకేలా కనిపిస్తున్నాయి.

ఇక ఆటగాళ్లు వాళ్లే అన్నారు కదా, నా దృష్టిలో బృందం విలువ తెలిసేది అక్కడే. ఫార్వర్డ్ సలా అంతకు ముందు ఏడాది గాయం కారణంగా లీగ్‌లో 32 మ్యాచ్‌లకే పరిమితమయ్యారు. 2024-25లో 38కి 38 ఆడి 29 గోల్స్ చేశారు. డిఫెండర్ వాన్ డైక్, మిడ్‌ఫీల్డర్ గ్రావెన్‌బెర్క్ చెరొక 37 ఆడారు. క్లోప్ హయాంలో తరచూ బెంచీ మీద ఉన్న గ్రావెన్‌బెర్క్‌ను డిఫెన్స్ ముందు నిలబెట్టడం స్లాట్ ఆలోచనే కావచ్చు, కానీ అదే మనిషి వారం తప్పకుండా ఆడగలిగేలా సాధన ఎంత మోతాదులో ఉండాలో కొలిచి ఇచ్చేది ఫిట్‌నెస్ కోచ్. అదృష్టం పాలు లేదనను. ఆ పాలు ఎంతో ఎవరూ తేల్చలేరు.

గవర్నరుపేట:
నేను పాతకాలం మనిషిని. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్‌గా మన హైదరాబాదు రహీం గారు చేసినది గుర్తు చేస్తాను. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, ఆయనను పక్కన పెట్టకుండా ఫార్వర్డ్‌గా పంపారు. సెమీఫైనల్‌లోనూ, దక్షిణ కొరియాను 2-1తో గెలిచిన ఫైనల్‌లోనూ ఆయన గోల్ చేశారు. ఏ మనిషి ఒంట్లో ఎంత సత్తా మిగిలి ఉందో తెలిసినవాడే అలాంటి నిర్ణయం తీసుకోగలడు. నేడు దానికి వేరే మనిషిని పెడుతున్నారు. బ్రాడీపేట గారూ, పోయిన ఏడాది మీ పిల్లలు గాయాలతో ఎన్ని మ్యాచ్‌లు తప్పిపోయారో రాసి పెట్టుకున్నారా?

బ్రాడీపేట కోచ్:
రాయలేదండి. నిన్న రాత్రి హాజరు పుస్తకం ముందేసుకుని లెక్కపెట్టాను. పదకొండు మందిలో నలుగురు, ఫిబ్రవరి తరువాత సగం మ్యాచ్‌లకు లేరు. ముగ్గురివి తొడ కండరం గాయాలే. మా నేల ఎండాకాలంలో బీటలు వారి రాయిలా తయారవుతుంది, దానికి తోడు ఉదయం ఆరింటికే చెమటలు పట్టే ఉక్కలో నేను రోజూ ఒకే రకంగా పరుగెత్తిస్తున్నాను. ఫిట్‌నెస్ చూసేవారినే తీసుకుంటాను. గోల్‌కీపర్ల సాధనకు మాత్రం ఆ గట్టి నేల మీద మోచేతులు చీరుకుపోతున్నాయి. విజయవాడలో మీరెవరైనా ఇసుక పోసిన గుంటలో డైవింగ్ చేయిస్తుంటే, ఎంత లోతు పోశారో చెప్పగలరు.